రోజుకు రెండు లీటర్లు

ఆ ఆదివారం ఉదయం ఏడున్నరకు, మెదక్ ఊరి చివర పెట్రోలు బంకులో ఉన్నవాళ్ళు నలుగురు: మా బాపు, మా బండి నడిపే కాక, నేను, పంపు దగ్గర పనిచేసే మనిషి. ఉన్న వస్తువులు: ఖాళీగా ఉన్న మా తెల్ల పికప్, నా నోటుబుక్కు, పెన్ను, చేతి గడియారం, టైర్లలో గాలి చూసే గేజి, డ్యాష్‌బోర్డు మీద, స్పీడోమీటరు పక్కన, నా చేతిరాతతో అంటించిన చిన్న కాగితం. కాగితం మీద "టర్బో బండి. ఇంజను వెంటనే ఆపవద్దు" అని ఉంది. టైర్ల గాలి, ఓడోమీటరు అంకె, బయలుదేరిన సమయం అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ కాగితం సంగతి రాసుకోలేదు. రాసుకోవాలని తోచలేదు.

కాకతో మాకు చుట్టరికం లేదు. ఆయన ఇల్లు చర్చి వైపు, మాది బస్టాండు వైపు. బాపును అన్నా అంటాడు కాబట్టి నాకు కాక. నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి నుంచి మా బండి ఆయన చేతిలోనే ఉంది. బాపుది పాల రవాణా. హవేలిఘనపూర్ పల్లెల్లో మొదలుపెట్టి, శంకరంపేట వైపు తిరిగి, ఇరవై మూడు చోట్ల పాల క్యాన్లు ఎక్కించుకుని, మెదక్‌లో పాల కేంద్రం దగ్గర దించాలి. పోయి రావడానికి ఎనభై ఆరు కిలోమీటర్లు. బాపుకు డ్రైవింగు రాదు. అందుకని తాళంచెవి కాక ఇంట్లోనే ఉండేది. పాత బండిలోంచి తీసిన చిన్న బేరింగుకు దాన్ని తగిలించుకుని, చొక్కా జేబులో వేసుకునేవాడు. నడుస్తుంటే బేరింగు గలగలమనేది. ఆ చప్పుడు విని అమ్మ చాయ్ పొయ్యి మీద పెట్టేది.

పాత బండి సాదా డీజిలుది. అది మూలకు పడ్డాక బాపు టర్బో పికప్ కొన్నాడు. అప్పుడు నేను ఇంజనీరింగు రెండో ఏడాది, మెకానికల్. బండి ఇంటికి వచ్చిన రోజు కాక బానెట్ ఎత్తి, నత్తగుల్లలా ఉన్న ఆ ఇనుప ముద్దను వేలితో చూపించి అడిగాడు.

"గిదేంది బిడ్డా? పాత దాంట్ల లేకపోయె."

చెప్పాను. పొగతో తిరిగే చక్రం, ఇంజనులోకి గాలిని ఎక్కువగా నెడుతుంది, నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది అన్నాను. ఇంజను ఆపగానే ఆయిల్ పారడం ఆగిపోతుంది, చక్రం మాత్రం తిరుగుతూ ఉంటుంది, వేడికి ఆయిల్ మాడి బేరింగు పోతుంది అని కూడా అన్నాను. తరగతిలో విన్నది, బండితో వచ్చిన పుస్తకంలో చదివినది కలిపి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే బాగా వినిపించింది.

"అయితే బందు చేయొద్దంటవ్."

"ఎంబడే బందు చేయొద్దు కాక."

ఆ సాయంత్రమే కాగితం రాసి అంటించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత అంచులు లేవకుండా పైన పారదర్శక టేపు వేసుకున్నది ఆయనే.

బండి అమ్మినవాళ్ళ కాగితం మీద లీటరుకు పదిహేను కిలోమీటర్లు అని ఉంది. మా బండి పదిన్నర కూడా సరిగ్గా ఇవ్వలేదు. కాగితం మీది అంకెను ఎవరూ పూర్తిగా నమ్మరు. అది పుట్టిన చోట స్పీడు బ్రేకర్లు ఉండవు, రోడ్డుకు అడ్డంగా నిలబడే బర్రెలు ఉండవు, టన్ను పాలు ఉండవు. అయినా పదిహేనుకూ పదిన్నరకూ మధ్య ఉన్న ఖాళీ ఒక ఇంట్లో చేరితే ఊరికే ఉండదు. దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

అవి రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులు. వారంలో ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు బంకు మూస్తారో తెలిసేది కాదు. పాలబండిని మాత్రం ఎక్కడా ఆపేవారు కాదు. డీజిలు దొరికినప్పుడే నింపి పెట్టుకోవాలి కాబట్టి, అంతకు ముందు ఎన్నడూ బంకుకు రాని బాపు, కాక వెంట రావడం మొదలుపెట్టాడు. వచ్చాక చూడటం మొదలుపెట్టాడు. చూశాక ఎదుటివాళ్ళను అడగటం మొదలుపెట్టాడు. ఒకాయనకు కూరగాయలు తోలే పికప్ ఉంది, అదే రకం. బంకు పక్క చాయ్ హోటల్లో పదిమంది ముందు ఆయన అన్నాడు:

"నాది పదమూడుకు తక్కువ ఇయ్యదన్నా. నీ బండి తాగుతున్నదా, నీ బండి నడిపేటోడు తాగుతుండా? జర అర్సుకో."

నవ్వారు. కాక అద్దం తుడుస్తున్నాడు. ఆయన కూడా నవ్వి, "నేను తాగేది చాయ్. గది గూడ ఏ ఒక్క నాడు నువ్వు తాపియ్యకపోతివి పటేలా" అన్నాడు. మళ్ళీ నవ్వారు. బాపు నవ్వలేదు. కాక అది చూశాడు. చూశాడని నాకెలా తెలుసంటే, తుడుస్తున్న గుడ్డను పిండకుండానే బకెట్ మీద ఆరేశాడు. ఎప్పుడూ గట్టిగా పిండి దులిపి ఆరేసే మనిషి.

వారం తర్వాత కాకే మా ఇంటి అరుగు మీద కూర్చుని మాట ఎత్తాడు.

"అన్నా, నీ మనసుల ఏమున్నదో నాకెర్కనే. నువ్వు అడుగుతలేవు, నేను చెప్తలేను. గిట్లెన్ని రోజులు? ఇంజనీరు ఉన్నడు గద ఇంట్ల. కొలువమను. తేడా వస్తె తాళంచెవి నీ చేతుల వెడ్త. రాకుంటె ఇగ గీ ముచ్చట మల్ల నడవొద్దు."

"అంత దూరం ఎందుకు తమ్మీ" అన్నాడు బాపు. వద్దు అని మాత్రం అనలేదు.

ఆదివారం పొద్దున పాలు దించాక పెట్టుకున్నాం. కాక ప్రార్థనకు పోయే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. "జల్దీ కానియ్యి బిడ్డా, గంట గొట్టేలోపట పోవాలె" అన్నాడు. నేను జల్దీ చేయలేదు. ట్యాంకును మూతి దాకా నింపించాను. బండిని ఇటూ అటూ ఊపి, లోపలి గాలి బుడగలు బయటికి వచ్చాక మళ్ళీ పోయించాను. పంపు మనిషి, "ఏంది సార్, బాలింతకు తాపినట్టు తాపుతున్నరు" అన్నాడు. ముప్ఫై కిలోమీటర్లు పోయి ముప్ఫై రావాలి. ఓడోమీటరును కిలోమీటరు రాళ్ళతో సరిచూశాను. వేగం యాభై దాటనివ్వలేదు.

దారిలో కాక ఒక్కసారే నోరు తెరిచాడు.

"నడుమ యాడన్న ఆపాల్నా?"

"వద్దు కాక. ఆపితె లెక్క ఖరాబైతది."

బంకుకు తిరిగి వచ్చాక కూడా ఆయన ఇంజను ఆపలేదు. డీజిలు పోయించాలి కదా అని నేనే చెయ్యి చాచి తాళం తిప్పేశాను. "గప్పుడే బందు చేస్తివి?" అన్నాడు. నా కళ్ళు పంపు మీది అంకెల మీద ఉన్నాయి.

నాలుగు లీటర్ల ముప్పై ఐదు పాయింట్లు పట్టింది. అరవైని దానితో భాగించాను. లీటరుకు పదమూడు పాయింట్ ఏడు తొమ్మిది. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఎనభై ఆరు కిలోమీటర్లకు ఈ లెక్కన ఆరుంబావు లీటర్లు కావాలి, మనం రోజుకు ఎనిమిది పైన పోయిస్తున్నాం, అంటే తేడా రోజుకు రెండు లీటర్లు అని, పరీక్ష హాల్లో జవాబు దొరికినవాడిలా, పైకే చదివాను.

పంపు మనిషి గొట్టాన్ని కొక్కేనికి తగిలించి అవతలికి వెళ్ళాడు.

"ఖాళీ బండి గద బిడ్డా" అన్నాడు కాక.

"బరువుకు అంత తేడా రాదు కాక."

ఆయన నా నోటుబుక్కు తీసుకుని అంకెలను కాసేపు చూశాడు. బాపు వైపు చూడలేదు.

"నీ లెక్క గట్ల చెప్తె గట్లనే" అన్నాడు. తాళంచెవిని బేరింగు నుంచి విడదీశాడు. దానికి కొంత సమయం పట్టింది, రింగు బిగుసుకుపోయి ఉంది. తాళంచెవిని బానెట్ మీద పెట్టి, బేరింగును జేబులో వేసుకుని, రోడ్డు ఎక్కాడు. చర్చి గంట అప్పటికే మోగి ఆగిపోయింది. ఆటో పిలవలేదు. నడిచే పోయాడు.

బాపు ఆయన్ను వెనక్కి పిలుస్తాడేమో అనుకున్నాను. నేను పిలుస్తానేమో అని బాపు అనుకున్నాడట. తర్వాత చెప్పాడు.

సమ్మె వల్ల మా కాలేజీ మూసి ఉంది. నాకు లైసెన్సు ఉంది. కొత్త మనిషి దొరికేదాకా పాలబండి నేనే నడుపుతానన్నాను.

మొదటి రోజు మొదటి పల్లె. పాలు కొలిచే అక్క క్యాన్లు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. బండి పక్కకు ఆపి, తాళం తిప్పి దిగాను. ఆమె లీటరు కొలత పట్టుకునే తలెత్తింది.

"మీ కాక ఏడి? పానం మంచిగ లేదా?"

"పని ఉండి రాలే."

"మరి బండి బందు చేస్తివేంది?"

"ఎందుకక్కా?"

"ఆయన ఎన్నడు బందు చేయకపోవు. గా సప్పుడుల ఒకరి మాట ఒకరికి ఇనరాదు. జర బందు చెయ్యయ్యా, పాలల్లకు పొగ వోతున్నదంటె, టర్బో కాలిపోతది అనేటోడు. ఇంట్ల ఇంజనీరు పిలగాడు చెప్పిండట, రాసి గూడ అంటించిండట. ఆ పిలగాన్ని ఒక్కసారి తోల్కరా, నా పెయ్యకు గడ్డి కోపిస్త అన్న నేను."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఆ పిలగాడు నేనేనని ఆమెకు చెప్పలేదు.

తర్వాతి పల్లెలో అడిగాను. ఆ తర్వాతి దాంట్లో అడిగాను. ఇరవై మూడు చోట్లా అదే మాట. ఒక ముసలాయన, "బర్రె పాలు వితుకుతాంటె బెదురుతది జర ఆపు అంటె, దూరం తీస్కపోయి నిలవెట్టెటోడు గని బందు చేయకపోవు. మాట ఇనే మనిషే, గని మా మాట గాదు" అన్నాడు.

నాకు తెలిసిన విషయం ఇది: టర్బోకు ఆ విశ్రాంతి బరువుతో గట్టిగా లాగి వచ్చినప్పుడు కావాలి, అదీ నిమిషమో రెండు నిమిషాలో. మూడు కిలోమీటర్లకొకసారి, ముప్ఫై వేగంతో వచ్చి ఆగే పాలబండికి అక్కర్లేదు. ఇది నాకు ముందే తెలుసు. నేను చెప్పింది మాత్రం "వెంటనే ఆపవద్దు" అని. ఎంతసేపు అనేది కాగితం మీద లేదు. పాలు పోయించుకోవడానికి ఎంతసేపు పడితే అంతసేపూ "వెంటనే" అనే మాట కిందికే వస్తుందని ఆయన పట్టుకున్నాడు. పట్టినవాడు ఎవరు మొత్తుకున్నా వదల్లేదు.

తేలికగా తేల్చుకోకూడదని ఆరు రోజులు తీసుకున్నాను. మొదటి మూడు రోజులు ప్రతి చోటా ఇంజను ఆపాను. తర్వాతి మూడు రోజులు ఒక్క చోట కూడా ఆపలేదు, కాక పద్ధతిలోనే, గడియారం చూసుకుంటూ. దారి అదే, పాలు దాదాపు అన్నే. ఆపినప్పుడు రెండు వందల యాభై ఎనిమిది కిలోమీటర్లకు ఇరవై ఒక్క లీటర్లు పట్టింది. ఆపనప్పుడు అదే దూరానికి ఇరవై నాలుగు పాయింట్ ఏడు. బండి నిలబడి ఉండి ఇంజను తిరిగిన సమయం రోజుకు సగటున తొంభై రెండు నిమిషాలు. ఆపితే లీటరుకు పన్నెండుంబావు పైన. ఆపకపోతే పది పాయింట్ నాలుగు ఐదు, అంటే కాక ఇచ్చిన అంకె.

ఏడో రోజు మధ్యాహ్నం అన్నం తింటున్న బాపు ముందు నోటుబుక్కు తెరిచి పెట్టాను.

"రెండు లీటర్లన్నవ్ గద?"

"ఒకటింబావు నా మాటకు పోయింది బాపూ. ముప్పావు పాల బరువుకు."

"ఆయనకు?"

"ఏం లేదు."

బాపు చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అలాగే ఉంది. "నువ్వు అంకె చెప్పినవ్, సరే. నేను పదేండ్లు చూసిన మనిషిని. నాకేమైంది" అన్నాడు. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు.

బండిలో కాక ఇంటికి పోయాం. ఆయన రోడ్డు మీద ఉన్నాడని కాక భార్య, మా చిన్నమ్మ, చెప్పింది. మమ్మల్ని లోపలికి రమ్మంది కానీ నీళ్ళు ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఆ రోజు మెదక్‌లో వంటావార్పు. రాష్ట్రం కోసం రోడ్డును ఆపే పద్ధతుల్లో అది ఒకటి. రోడ్డు నడిమధ్య రాళ్ళ పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతులు వేసి కూర్చుని తింటారు. బంతి లేచేదాకా ఏ బండీ కదలదు. మా బండి చూసి ఒకాయన "పాలబండి, ఇడువుండ్రి" అని అరిచాడు. పోనక్కర్లేదు, ఇక్కడికే వచ్చాం అన్నాడు బాపు. కాక నడుముకు తువ్వాల చుట్టుకుని పప్పుచారు వడ్డిస్తున్నాడు. బంతిలో, కూరగాయల పికప్ ఆయన కూడా ఉన్నాడు.

పక్కకు పిలిచి మాట్లాడదామని బాపుతో అన్నాను. "అన్నది నలుగుర్ల, చెప్పేది పక్కకా?" అన్నాడు. బంతి చివరన నిలబడి, పెద్ద గొంతు చేయకుండా చెప్పాడు.

"తమ్మీ, లెక్క తప్పింది. నా కొడుకు తప్పిండు, నేను నమ్మిన. నీ దిక్కు ఒక్క చుక్క పోలే. గీళ్ళందరు ఇనాల్నని చెప్తున్న."

కూరగాయల పికప్ ఆయన విస్తరిలోకి చూసుకుంటూ కలుపుకున్నాడు. కాక గరిటె ఆపలేదు. మా దాకా వచ్చి, "ముందు కూసుండ్రి. అన్నం కాడ గీ ముచ్చట్లు వద్దు" అన్నాడు. కూర్చున్నాం. మాకూ వడ్డించాడు. బాపుకు రెండోసారి అడిగి వేశాడు. నాకు అడగకుండా వేశాడు.

బంతి లేచాక తువ్వాలతో చేతులు తుడుచుకుని, నోటుబుక్కు ఇమ్మన్నాడు. ఎండలో రోడ్డు మీద నిలబడే చూశాడు.

"గీ తొంబై రెండేంది?"

"నిమిషాలు కాక. రోజుకు బండి నిలవడి ఇంజను నడిచింది."

"బందు చేయొద్దంటివి గద."

"నేనే అన్న. ఒక్క నిమిషం ఆగితె సాలు. పల్లెకు పల్లెకు నడుమ అసలే అక్కర్లేదు."

"గా మాట అప్పుడు చెప్పకపోతివి."

"చెప్పలే."

ఆయన నోటుబుక్కులోంచి తలెత్తాడు. "నేను గూడ అడుగకపోతి. సదువుకున్నోడు చెప్పిండు, మల్ల అడుగుడేంది అనుకున్న" అన్నాడు. నోటుబుక్కు మూసి నా చేతికి ఇచ్చాడు. గట్టిగా ఒక మాట అని ఉంటే నాకు బాగుండేది.

బాపు జేబులోంచి తాళంచెవి తీసి చాచాడు.

"రేపటిసంది వస్త అన్నా. పాలు ఆగొద్దు. గని గది మీ ఇంట్లనే ఉండాలె. పొద్దుగాల వచ్చి తీస్కపోత, పని అయినంక తెచ్చి గోడ మొలకు తగిలిస్త."

"గదేంది తమ్మీ, ఎప్పటిలెక్క నీ దగ్గర్నే..."

"వద్దన్నా. గిట్లయితె నీకు మంచిది, నాకు మంచిది."

మరునాడు వచ్చాడు. అంతకు ముందే డ్యాష్‌బోర్డు మీది కాగితాన్ని గోరుతో గీకి తీశాను. టేపు మరక పోలేదు. దాని మీదే కొత్త కాగితం అంటించాను: ఇంజను ఎప్పుడు వెంటనే ఆపాలి, ఎప్పుడు కాసేపు తిరగనిచ్చి ఆపాలి, ఎంతసేపు, నిమిషాల్లో. ఆయన చదివి, "గిప్పుడు పూరాగ ఉన్నది" అన్నాడు. ప్రతి పల్లెలోనూ ఇంజను ఆపేవాడు. పాలు కొలిచే అక్క నా గురించి తెలుసుకుని, గడ్డి ఎప్పుడు కోస్తావని కబురు పంపింది. కాక నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు. బాపుతో కూడా మాట్లాడాడు, కొంచెం ఎక్కువ మర్యాదతో. సాయంత్రం గుమ్మం పక్క మొలకు తాళంచెవి తగిలించేవాడు. దానికి బేరింగు లేదు, ఒట్టి దారం. ఆయన వస్తున్న చప్పుడు ఇక వినిపించేది కాదు. అమ్మ ఆయన్ను చూశాకే చాయ్ పెట్టేది.

దారం ఒట్టిగా ఉందని బాపు రెండుసార్లు అన్నాడు. బండి మీ ఇంటి ముందే పెట్టుకో, పొద్దున ఇంత దూరం నడిచి రావడం ఎందుకని మూడుసార్లు అన్నాడు. ఈ మధ్యలో సమ్మెలు ఆగిపోయాయి, మా కాలేజీ తెరిచారు, నా చదువు పూర్తయింది, రాష్ట్రం వచ్చింది. కంటి చూపు తగ్గిందని కాక డ్రైవింగు మానుకున్నాడు. ఆఖరి రోజు కూడా పాలు దించి, బండి కడిగి, తాళంచెవి మొలకు తగిలించి పోయాడు.

వంటావార్పు మరునాటి నుంచి ఆయన మా బండిని నడిపింది రెండు సంవత్సరాల ఏడు నెలలు. లీటరుకు సగటు, పన్నెండు పాయింట్ రెండు. తాళంచెవి ఆయన ఇంట్లో ఉన్న రాత్రులు, సున్నా.